గడ్డి మేతా, దాణా మేతా: డాలస్‌లోని ఒక తెలుగు కుటుంబం బీఫ్ కొనుగోలుపై కేస్ స్టడీ

డాలస్ ఉత్తర శివార్లలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం నా దగ్గరికి ఒకే ప్రశ్నతో వచ్చింది. ఇంటికి తెచ్చే బీఫ్ పూర్తిగా గడ్డి తిని పెరిగిన పశువుదై ఉండాలా, చివరి నెలల్లో దాణా తిని బలిసిన పశువుదైనా ఫర్వాలేదా అన్నది ఆ ప్రశ్న. డైటీషియన్‌గా ఈ ప్రశ్న తరచూ వింటూనే ఉంటాను. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం, ఒకే వంటగదిలో రెండు విరుద్ధమైన వైద్య అవసరాలు ఉండటం, పైగా కుటుంబం ఒక పెద్ద కొనుగోలుకు సిద్ధమై ఉండటం. వారి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

భర్త వయసు నలభై దాటింది. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఆయన ఇంట్లో పెద్దకూర తరతరాలుగా ఉన్న తిండే. చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్ 158 వచ్చింది, అంటే ఎక్కువే. రక్తపోటు, చక్కెర సాధారణంగానే ఉండటంతో, మందు మొదలుపెట్టే ముందు మూడు నెలలు ఆహారం సరిదిద్దుకుని చూడమని వారి వైద్యుడు చెప్పారు. భార్యది కాకినాడ ప్రాంతం. ఒంట్లోని ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ ఆమెకు 11 మాత్రమే ఉంది, ఐరన్ మాత్రలు అప్పుడే మొదలయ్యాయి. ఆయన సంతృప్త కొవ్వు తగ్గించుకోవాలి, ఆమెకు శరీరం సులువుగా పీల్చుకునే ఐరన్ కావాలి. ఇద్దరు పిల్లలకు ఏ పథ్యమూ లేదు.

ఆహార చరిత్ర రాసుకుంటున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఏడాది కిందట భర్త ఇంట్లోకి వచ్చే మాంసమంతా గ్రాస్‌ఫెడ్‌కు, అంటే గడ్డి మేత లేబుల్ ఉన్నదానికి మార్చారు. ఆ తర్వాత అదే లేబుల్ మాంసం దాటి నేతికి, వెన్నకు, చివరకు పశువుల కొవ్వును కరిగించి సీసాల్లో అమ్మే టాలోకు పాకింది. గుడ్లు టాలోలో వేగుతున్నాయి, అన్నంలోకి గ్రాస్‌ఫెడ్ నెయ్యి పడుతోంది, ఖీమాకు 80 శాతం మాంసం, 20 శాతం కొవ్వు ఉన్న గ్రౌండ్ బీఫ్ వస్తోంది. “గ్రాస్‌ఫెడ్ కొవ్వు వేరు కదండీ మేడం, అది ఒంటికి పట్టదంటారు” అని ఆయన నమ్మకంగా చెప్పారు.

ఈ నమ్మకాన్ని తూచడానికి ముందుగా ఒక కొలత కావాలి. ఎల్‌డీఎల్ తగ్గించుకోవలసినవారు రోజు మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటాను 6 శాతం లోపు ఉంచుకోవాలన్నది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన. రెండు వేల కేలరీల తిండికి అది సుమారు 13 గ్రాములు. పెద్ద చెంచాడు నేతిలో సంతృప్త కొవ్వు దాదాపు 8 గ్రాములు, అంతే టాలోలో 6 గ్రాముల పైచిలుకు ఉంటాయి. ఆవు గడ్డి తిన్నా, మొక్కజొన్న తిన్నా ఈ అంకెలు చెప్పుకోదగినంతగా మారవు. అంటే ఈయన మాంసం ముక్క నోట్లో పెట్టుకోకముందే ఆ రోజు పరిమితి దాటిపోతోంది.

మేత వల్ల నిజంగా మారేవి, మారనివి

మొదట ఒక అపోహను తొలగించాలి. దాణా పశువులంటే పుట్టినప్పటి నుంచి కొట్టంలోనే ఉన్నవని చాలామంది అనుకుంటారు. అమెరికాలో బీఫ్ కోసం పెంచే దూడలన్నీ దాదాపుగా తల్లితోపాటు పచ్చికలోనే మొదలవుతాయి. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో పాలు మాన్పించి, కొంతకాలం మళ్లీ పచ్చికలో మేపి, చివరి నాలుగు నుంచి ఆరు నెలలు ఫీడ్‌లాట్‌కు, అంటే దాణా పెట్టి బలిపించే పశువుల ఆవరణకు తరలిస్తారు. టెక్సస్ ఉత్తర కొసన ఉన్న హెరెఫర్డ్, అమరిల్లో చుట్టుపక్కల ప్రాంతం ఈ ఫీడ్‌లాట్లకు పేరుపొందింది. అక్కడ మొక్కజొన్న, ఇథనాల్ తయారీలో మిగిలిన పిప్పి, పాతర గడ్డి కలిపి పెడతారు. నెమరు వేసే పశువు పొట్ట పీచును జీర్ణించుకోవడానికి ఏర్పడింది కనుక, పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే లోపల ఆమ్లం పెరిగి జబ్బు చేస్తుంది. అందుకే దాణా వాటాను సుమారు మూడు వారాలపాటు మెల్లమెల్లగా పెంచుతారు. ఈ రెండు పద్ధతులూ వేరుపడేది ముఖ్యంగా ఆ చివరి నెలల్లోనే. చివరి వరకూ గడ్డి మీదే ఉంచిన పశువు నెమ్మదిగా బరువు పెరుగుతుంది, కోతకు వచ్చేసరికి వయసు ఎక్కువగా ఉంటుంది. ధర ఎక్కువ కావడానికి ఒక పెద్ద కారణం ఆ అదనపు నెలలే.

పోషకాల విషయానికి వస్తే, గడ్డి మేత వల్ల మాంసంలో ఒమేగా-3 కొవ్వు పెరుగుతుందన్నది నిజం. ఒమేగా-6, ఒమేగా-3ల నిష్పత్తి కూడా గడ్డి పశువులో బాగా తక్కువగా ఉంటుంది. సీఎల్‌ఏ అనే కొవ్వు ఆమ్లం, విటమిన్ ఈ, బీటా కెరోటిన్ సైతం ఎక్కువే. గడ్డి పశువు కొవ్వు పసుపు రంగులో కనిపించడానికి ఆ బీటా కెరోటినే కారణం. భార్య మొదటిసారి ఆ రంగు చూసి మాంసం పాతదని అనుకున్నారట. ప్రచారమంతా ఈ నిష్పత్తి చుట్టూనే తిరుగుతుంది కానీ, పరిమాణం గురించి ఎవరూ మాట్లాడరు. కొవ్వు తీసిన గడ్డి బీఫ్ 100 గ్రాముల్లో ఒమేగా-3 పదుల మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం మొక్కల్లో దొరికే ఏఎల్‌ఏ రకం. అదే బరువు పెంపకపు సాల్మన్ చేపలో గుండెకు పనికొచ్చే ఈపీఏ, డీహెచ్‌ఏలు కలిపి ఇంచుమించు రెండు గ్రాములు ఉంటాయి. ఏఎల్‌ఏ కావాలంటే ఒక చెంచా అవిసె గింజల పొడి చాలు, అది మన ఇళ్లలో ఎప్పటినుంచో కారప్పొడిగా ఉన్నదే. రెట్టింపు ధర పెట్టి కొన్న రిబ్‌ఐ స్టేక్ నుంచి ఒమేగా-3 రాబట్టుకోవాలని చూడటం నా దృష్టిలో అర్థం లేని ఖర్చు.

సంతృప్త కొవ్వు విషయంలో వాదన ఇంకొంచెం సున్నితమైనది. గడ్డి పశువు కొవ్వులో ఎల్‌డీఎల్‌ను పెంచని స్టియరిక్ ఆమ్లం వాటా కాస్త ఎక్కువ. దాణా పశువు కొవ్వులో ఆలివ్ నూనెలోనూ ఉండే ఒలియిక్ ఆమ్లం వాటా ఎక్కువ. రెండు పక్షాలూ తమకు అనువైన ఆమ్లాన్నే చూపిస్తాయి. తినేవాడికి ముఖ్యమైనది మొత్తం కొవ్వు ఎంత అన్నదే. గడ్డి పశువు కండలో కొవ్వు చారలు తక్కువ కనుక అదే కోత స్టేక్‌లో మొత్తం కొవ్వు సాధారణంగా తక్కువగా ఉంటుంది, ఇది నిజమైన లాభమే. కానీ గ్రౌండ్ బీఫ్‌లో ఆ లాభం నిలవదు, ఎందుకంటే అక్కడ కొవ్వు వాటాను నిర్ణయించేది పశువు తిన్న మేత కాదు, మర పట్టేటప్పుడు కలిపే కొవ్వు. 80/20 రకం పావు పౌండులో సంతృప్త కొవ్వు 9 గ్రాముల దాకా ఉంటే, 93/7 రకంలో మూడు, మూడున్నర గ్రాములు. మామూలు దాణా బీఫ్ 93/7 ప్యాకెట్ ఈయన తెచ్చుకుంటున్న గ్రాస్‌ఫెడ్ 80/20 కంటే ఈయన గుండెకు మేలు చేస్తుందని చెప్పినప్పుడు, భర్త కొంతసేపు ఒప్పుకోలేదు. రెండు ప్యాకెట్ల పోషక పట్టికల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశాకే సమాధానపడ్డారు.

భార్య విషయం సులువు. బీఫ్‌లో ఉండే, శరీరం సులువుగా పీల్చుకునే హీమ్ ఐరన్, అలాగే జింక్, బీ12 మేతను బట్టి చెప్పుకోదగినంతగా మారవు. వండిన మాంసం 85 గ్రాములకు ఐరన్ రెండు, రెండున్నర మిల్లీగ్రాములు ఉంటుంది. ఆమె వయసు స్త్రీకి రోజుకు 18 మిల్లీగ్రాములు అవసరం కనుక మాంసం ఒక్కటే సరిపోదు. మాత్రలు కొనసాగాలి, ఫెరిటిన్ ఎందుకు తగ్గిందో వైద్యుడు వెతకాలి. మాంసం తోడుగా ఉంటే అదే పళ్లెంలోని పప్పు, ఆకుకూరల ఐరన్ కూడా మెరుగ్గా అందుతుంది. భోజనం వెంటనే టీ తాగే అలవాటును మాత్రం గంట, రెండు గంటలు వెనక్కి జరిపించాను. కాలేయం వారానికోసారి తింటానని ఆమె అడిగారు. పశువు కాలేయం 100 గ్రాముల్లో విటమిన్ ఏ పెద్దవారి రోజువారీ గరిష్ఠ పరిమితిని దాటిపోతుంది కనుక చిన్న మోతాదులో, అప్పుడప్పుడు మాత్రమే తినమన్నాను. గర్భం కోసం చూస్తున్నవారైతే అదీ వద్దనేదాన్ని.

లేబుల్ ఏం చెబుతుంది

గ్రాస్‌ఫెడ్ అన్న మాట మేత గురించి మాత్రమే చెబుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ మార్కెటింగ్ విభాగం ఈ మాటకు 2007లో ఒక ప్రమాణం తెచ్చి, 2016 జనవరిలో దాన్ని ఉపసంహరించుకుంది. ఇప్పుడు ఆ శాఖలోని ఆహార భద్రతా విభాగం, కంపెనీ సమర్పించే కాగితాలను చూసి లేబుల్‌కు ఆమోదం ఇస్తుంది. పశువుకు హార్మోన్లు ఇవ్వలేదనో, యాంటీబయాటిక్స్ వాడలేదనో, పచ్చిక బయలులో స్వేచ్ఛగా తిరిగిందనో ఆ ఒక్క మాటతో తేలదు. వాటికి వేరే ప్రకటనలు ఉండాలి. అమెరికన్ గ్రాస్‌ఫెడ్ అసోసియేషన్ ముద్ర ఉంటే ఇవన్నీ కలిసి వస్తాయి. ఆర్గానిక్ అన్నంత మాత్రాన గడ్డి మేత అని కూడా కాదు: ఆర్గానిక్ పశువు ఏడాదికి కనీసం 120 రోజులు మేతకు వెళ్లాలి, ఆ కాలంలో తిండిలో 30 శాతం పచ్చిక నుంచి రావాలి, మిగతాది ఆర్గానిక్ దాణా కావచ్చు. ఇక దుకాణాల్లో దొరికే గ్రాస్‌ఫెడ్ మాంసంలో చాలా భాగం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉరుగ్వే దేశాల నుంచి వస్తుంది. పక్క జిల్లా రైతుకు తోడ్పడుతున్నామని భావించిన భర్తకు ఈ సంగతి కొత్త. ప్రాడక్ట్ ఆఫ్ యూఎస్ఏ అన్న ముద్రకు పుట్టుక నుంచి కోత వరకు అన్నీ అమెరికాలోనే జరగాలన్న నిబంధన 2024లో ఖరారై, 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మన దగ్గర ఈ చర్చ లేకపోవడం సహజమే. తెలుగు రాష్ట్రాల్లో 1977 నాటి చట్టం ఆవుల వధను నిషేధించింది. అక్కడ పెద్దకూరగా వండేది ఎక్కువగా పాలు ఇవ్వడం ఆగిన గేదె, పని తీరిన దున్న. వాటి తిండి వరిగడ్డి, గట్ల మీది పచ్చిక, కొంచెం తవుడు, చెక్క. కొవ్వు చారలు లేని, గట్టి, ముదురు రంగు మాంసం అది. గ్రాస్‌ఫెడ్ బీఫ్‌లో తనకు ఊరి రుచి దొరుకుతోందని భర్త చెప్పిన మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. ముదురు వయసు, తక్కువ కొవ్వు, పీచు మేత రెండింటిలోనూ కలిసే అంశాలే. అది కొనడానికి న్యాయమైన కారణం కూడా. అయితే దాన్ని ఆరోగ్య కారణమని పిలవకూడదు.

పావు పశువు లెక్క

వారు చేయబోతున్న పెద్ద కొనుగోలు ఇది: ఊరి బయట పశువులు పెంచే ఒక రాంచర్ దగ్గర, పూర్తిగా గడ్డి మీద పెంచిన పశువులో నాలుగో వంతు. వేలాడదీసిన బరువు మీద పౌండుకు 6 డాలర్లని ఆయన చెప్పారు. భార్యాభర్తలిద్దరూ అన్ని కోతలూ పౌండు 6 డాలర్లకే వస్తాయని లెక్క వేసుకున్నారు. 1,100 పౌండ్ల పశువు తల, చర్మం, లోపలి భాగాలు పోగా వేలాడే బరువు 620 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. పావు వంతు 155 పౌండ్లు. ఎముకలు, అదనపు కొవ్వు తీసి, ఆరబెట్టినప్పుడు తగ్గే తేమ పోగా ఇంటికి చేరేది దాదాపు 100 పౌండ్లు. మాంసం ధర 930 డాలర్లు, కోత కూలి పౌండుకు డాలరుంపావు చొప్పున సుమారు 195. చేతికి వచ్చిన పౌండు పదకొండు డాలర్ల పైమాటే. స్టేక్‌లకు అది చవకే. కానీ అందులో మూడో వంతుకు మించి గ్రౌండ్ బీఫ్ వస్తుంది, దానికి మాత్రం ప్రియం.

ధర కంటే నన్ను ఆలోచింపజేసింది పరిమాణం. వంద పౌండ్లంటే 45 కిలోలు. వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ సూచన ప్రకారం ఎర్ర మాంసం ఒక్కొక్కరికి వారానికి వండిన బరువులో 350 నుంచి 500 గ్రాములు దాటకూడదు. ఈ ఇంట్లో ఆదివారం మేక మాంసం తప్పదు కనుక, బీఫ్‌కు నలుగురికీ కలిపి వారానికి కిలోకు మించి చోటు లేదు. ఆ లెక్కన నిల్వ పది నెలలు వస్తుంది. సున్నా ఫారన్‌హీట్ వద్ద గడ్డకట్టిన మాంసం పాడవదు కానీ, వ్యవసాయ శాఖ చెప్పే ప్రకారం గ్రౌండ్ బీఫ్, కూర ముక్కల నాణ్యత మూడు నాలుగు నెలలే నిలుస్తుంది. పెద్ద ముక్కలకు ఏడాది దాకా గడువు ఉంటుంది. నిండిన ఫ్రీజర్ ఇంటి తిండిని తన వైపు లాక్కుంటుందని నా అనుభవం. పాడవుతుందేమోనన్న ఆదుర్దాలో వారానికి కిలో తినేవారు రెండు కిలోలు తినడం మొదలుపెడతారు. ఎల్‌డీఎల్ 158 ఉన్న ఇంటికి అది సరిపడదు.

కొన్నాక స్నేహితులకు కొంత అమ్మేస్తామని భర్త అన్నారు. అది కుదరదు. ఇలా యజమాని కోసం కోసే చిన్న కబేళాల్లో ప్యాకెట్ల మీద నాట్ ఫర్ సేల్ అని ముద్ర వేస్తారు; ఆ మాంసం యజమాని, ఆయన ఇంటివారు, డబ్బు తీసుకోకుండా పిలిచిన అతిథులు తినడానికే. కనుక పంచుకోదలచినవారంతా కోతకు ముందే పశువులో వాటాదారులుగా నమోదు కావాలి. రాంచర్‌ను అడగవలసిన ప్రశ్న ఒకటి రాసి ఇచ్చాను: టెక్సస్ ఆగస్టు ఎండలోనూ, శీతాకాలంలోనూ పచ్చిక లేనప్పుడు ఏం పెడతారు? ఎండుగడ్డి అంటే సరే. రేంజ్ క్యూబ్స్ అనే దాణా బిళ్లలు పెడతామంటే, వాటిలో పత్తి గింజల చెక్కతోపాటు ధాన్యపు ఉపఉత్పత్తులూ ఉండవచ్చు. మన పల్లెల్లో పాడి పశువుకు పత్తి గింజలు పెట్టినట్టే ఇదీ, తప్పేమీ లేదు. కానీ పూర్తి గడ్డి మేత ధర ఇచ్చేవారు దాన్ని తెలుసుకోవాలి.

వంటింట్లో పరీక్ష

రుచి మీద చర్చ తెగాలంటే తిని చూడటమే దారి. ఒకే కోత, ఒకే మసాలా, రెండు రకాల మాంసం. ఏది ఏదో పిల్లలకు చెప్పకుండా వడ్డించమన్నాను. చక్ (భుజం భాగం) ముక్కలతో అల్లం వెల్లుల్లి, గసగసాలు వేసి వండిన కూరలో ఎవరూ తేడా పట్టలేకపోయారు. గడ్డి బీఫ్‌కు కుక్కర్‌లో అదనంగా కొంత సమయం పట్టింది, అంతే. కారణం స్పష్టమే: కూరలో మెత్తదనం కండలోని కొవ్వు చారల నుంచి రాదు, నెమ్మదిగా ఉడికి కరిగే బంధక కణజాలం నుంచి వస్తుంది. ఛాయిస్ గ్రేడ్ అనీ, ప్రైమ్ అనీ కొవ్వు చారలకు చెల్లించే ధర మన కూర గిన్నెలో వృథాగా పోతుంది.

గ్రిల్ మీద కథ మారింది. గడ్డి బీఫ్ సర్లాయిన్ (నడుము భాగపు స్టేక్) త్వరగా ఉడికి ఎండిపోయింది. కొవ్వు తక్కువ ఉన్న ముక్కకు మంట తగ్గించాలి, ముందే దించాలి. లోపల 145 డిగ్రీల ఫారన్‌హీట్ చేరాక మూడు నిమిషాలు ఆపాలి. గ్రౌండ్ బీఫ్‌కు మాత్రం ఏ మేతదైనా 160 డిగ్రీలు తప్పనిసరి, ఎందుకంటే గడ్డి తిన్న పశువులోనూ ప్రమాదకరమైన ఈ.కోలై ఉండవచ్చు. కొన్ని గడ్డి స్టేక్‌లు నార నారగా ఉండటానికి మరో కారణం ఉంది: పైన కొవ్వు పొర పలుచగా ఉన్న కళేబరం శీతల గదిలో మరీ వేగంగా చల్లబడి కండ బిగుసుకుపోతుంది. రెండు మూడు వారాలు ఆరబెట్టి కోసే కబేళా అయితే ఆ లోపం కొంత తగ్గుతుంది. బర్గర్‌లో గడ్డి మాంసం వాసన పిల్లలకు నచ్చలేదు. భర్తకు అదే నచ్చింది.

నిర్ణయం, తరువాతి పరిస్థితి

నేను ఇచ్చిన సలహాలో మేత మూడో స్థానంలో ఉంది. మొదటిది, టాలో పూర్తిగా మానడం, నెయ్యి ఒక చిన్న చెంచాకు తగ్గించడం. ఖీమాకు 93/7 తప్ప వేరేది తేకూడదు. 80/20 ఇంట్లో మిగిలి ఉంటే, మన పద్ధతిలో కారిన కొవ్వులోనే మళ్లీ వేయించకుండా వంచేయాలి. రెండోది, వారానికి రెండు పూటలు చేప. భార్యకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన కవళ్లు ఇక్కడ సార్డీన్ డబ్బాల్లో చవకగా దొరుకుతాయి, పులుసుకు బాగానే ఉంటాయి. ఆ తర్వాతే మేత: కూరకు, సూపుకు గడ్డి పశువు షాంక్ (కాలి భాగం), చక్, ఎముకలు, గ్రిల్ చేసే అరుదైన రోజుల్లో మామూలు దాణా సర్లాయిన్, కొవ్వు అంచు కోసి.

పావు పశువును మూడు కుటుంబాలు ముందే పేర్లు రాయించుకుని తీసుకున్నాయి. ఒక్కో ఇంటికి 15 కిలోలు వచ్చింది, అది గ్రౌండ్ బీఫ్ గడువులోపే ముగిసే నిల్వ. మూడు నెలల తర్వాత భర్త ఎల్‌డీఎల్ 129కి దిగింది, మందు అవసరాన్ని వైద్యుడు మరోసారి చూద్దామని వాయిదా వేశారు. భార్య ఫెరిటిన్ 27కి చేరింది. అందులో ప్రధాన పాత్ర మాత్రలదే. ఎల్‌డీఎల్ తగ్గుదలను గడ్డి బీఫ్ ఖాతాలో వేయడానికి ఆధారం లేదు, ఎందుకంటే అంతకుముందు ఏడాదంతా కూడా ఆ ఇంట్లో గడ్డి బీఫే ఉంది. మారినవి నెయ్యి, టాలో, ఖీమాలో కొవ్వు వాటా, మాంసం పరిమాణం, చేప.

తదుపరి వాటాకు కబేళాకు ఇచ్చిన కట్ షీట్‌లో షాంక్‌ను ఎముకతో సహా రెండంగుళాల ముక్కలుగా, చక్‌ను కూర ముక్కలుగా, గ్రౌండ్ బీఫ్‌ను కొవ్వు కలపకుండా పౌండు ప్యాకెట్లుగా రాయించుకున్నారు. తునకలు ఎండబెట్టుకోవడానికి తొడ భాగాన్ని పలుచని పొడవు చీలికలుగా కోయమని భర్త ప్రత్యేకంగా అడిగారు; దానికి కొవ్వు లేని గడ్డి మాంసమే అనువైనదని ఒప్పుకున్నాను, ఉప్పు మాత్రం తగ్గించమన్నాను. కరిగించడానికి పక్కన పెట్టిన కొవ్వును మూడు ఇళ్లలో ఎవరూ తీసుకోలేదు. దాన్ని రాంచర్ సబ్బులు చేసే ఒకావిడకు ఇచ్చేశారట.